సోమవారం రాత్రుల యుద్ధం: గెలిచినవాడు తీసిన డాక్యుమెంటరీని ఎంతవరకు నమ్మవచ్చు?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు చెబుతాను. అమెరికా కుస్తీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ 2014లో తన సొంత నెట్‌వర్క్ కోసం తీసిన 20 భాగాల ‘మండే నైట్ వార్’ మీరు పూర్తిగా చూశారు. తొంభైల్లో దానితో పోటీపడ్డ డబ్ల్యూసీడబ్ల్యూ కంపెనీ కుప్పకూలడానికి దాని తెలివితక్కువ నిర్ణయాలు, డబ్ల్యూడబ్ల్యూఈ యజమాని విన్స్ మెక్‌మాన్ పట్టుదల మాత్రమే కారణమని అందులో అనిపిస్తోంది, ఇది నిజమేనా అని అడిగారు. ఈ కథ మీద ఇంకా ఏవి, ఏ క్రమంలో చూడాలన్నారు. ముందే రాసుకున్న కుస్తీలో అసలు పోటీ ఏమిటని మీ ఇంట్లో ఎవరో నవ్వారని కూడా రాశారు.

సంఘటనల విషయంలో ఆ సిరీస్‌లో అబద్ధం తక్కువ. తేదీలు, మ్యాచ్‌లు, ఎవరు ఎప్పుడు ఎటు దూకారన్నవి దాదాపు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నా పేచీ అంతా అది చూపే కారణంతోనే. నేను ఏ గోదాలోకీ దిగినవాణ్ని కాను. హైదరాబాదులో 22 ఏళ్లు టీవీ ఛానెళ్ల ప్రోగ్రామింగ్ విభాగంలో పనిచేశాను. ఏ సీరియల్ ఏ గంటకు వేయాలి, పక్క ఛానెల్ ఏం వేస్తోంది, విరామం ఎక్కడ పెడితే ప్రేక్షకుడు జారిపోతాడు, ఇవే మా చర్చలు. రేటింగులు వచ్చే రోజు ఆఫీసులో కాఫీ కూడా ఎవరికీ సహించేది కాదు. అందుకే ఈ కథను వస్తాదుల వైపు నుంచి కాక, స్లాట్ వైపు నుంచి చూస్తాను. అలా చూస్తే కథ వేరుగా కనిపిస్తుంది.

ముందు మీ ఇంట్లోవారి నవ్వుకు జవాబు. ఒకే తిరునాళ్లలో రెండు నాటక సమాజాలు పక్కపక్కనే డేరాలు వేశాయనుకోండి. లోపల ఎవరు ఎవరిని చంపుతారన్నది అందరికీ తెలుసు, కీచకుడు ప్రతి రాత్రీ చస్తాడు. ఏ డేరా నిండుతుందన్నది మాత్రం ఎవరూ ముందే రాసి పెట్టలేదు. 1995 నుంచి 2001 వరకు అమెరికాలో ప్రతి సోమవారం రాత్రి జరిగింది అదే. మ్యాచ్ ఫలితం ముందే నిర్ణయమైంది, ఎంతమంది చూశారో మర్నాడు చెప్పే నీల్సన్ రేటింగు నిర్ణయం కాలేదు.

తొంభైల చివర్లో కేబుల్ ఉన్న ఇళ్లవారికి ఇంకో సంగతి గుర్తుండాలి. పగలంతా కార్టూన్ నెట్‌వర్క్‌గా ఉన్న ఛానెల్ రాత్రయ్యేసరికి టీఎన్‌టీగా మారిపోయేది. నలుపు తెలుపు హాలీవుడ్ సినిమాల మధ్య ఎప్పుడో ఒకసారి డబ్ల్యూసీడబ్ల్యూ వారి కార్యక్రమం ‘నైట్రో’ వచ్చేది. పిల్లల దగ్గర ఉన్న ట్రంప్ కార్డులేమో అవతలి కంపెనీవి, అంటే విన్స్‌వి. కార్డుల్లో ఉన్న హల్క్ హోగన్ ఈ ఛానెల్లో నల్ల బట్టలు, నల్ల గడ్డంతో ఎందుకున్నాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆ ఛానెల్, ఆ కార్యక్రమం రెండూ టెడ్ టర్నర్ కట్టిన సామ్రాజ్యంలోవేనని నాకు తెలిసింది చాలా తర్వాత.

ఇక స్లాట్ కథకు వద్దాం. సిరీస్ మొత్తంలో విన్స్‌ను కుటుంబ వ్యాపారం నడుపుకొనే చిన్న మనిషిగా, టర్నర్‌ను డబ్బు సంచులతో మీద పడ్డ కుబేరుడిగా చూపుతారు. ఈ చిత్రంలో సగం నిజమే. 1982లో తండ్రి దగ్గర కంపెనీ కొనుక్కున్న విన్స్, ఆ తర్వాత చేసిన పని గుర్తు చేసుకోండి. అప్పటివరకు అమెరికాలో కుస్తీ ప్రాంతాలవారీగా పంచుకున్న వ్యాపారం, ఒకరి ఊళ్లోకి మరొకరు రాకూడదన్న ఒప్పందం. విన్స్ ఆ గోడలన్నీ దూకాడు. మినియాపొలిస్ కేంద్రంగా నడిచే ఏడబ్ల్యూఏ అనే కుస్తీ కంపెనీ నుంచి 1983 చివర్లో హోగన్‌ను తెచ్చుకుని, 1984 జనవరిలో ఛాంపియన్‌ను చేశాడు. పదేళ్ల తర్వాత టర్నర్ డబ్బు పెట్టి తన మనుషులను లాగేసుకున్నాడని అదే విన్స్ వాపోవడం చూస్తే నాకు నవ్వు ఆగదు.

1984 జులై 14న ఇంకొకటి జరిగింది. టర్నర్ ఛానెల్ టీబీఎస్‌లో ప్రతి శనివారం సాయంత్రం జార్జియా కుస్తీ చూసే జనం ముందు ఆరోజు విన్స్ ప్రత్యక్షమయ్యాడు. ఆ కంపెనీలో వాటాలు కొనేసి స్లాట్‌ను సొంతం చేసుకున్నాడు. దక్షిణాది ప్రేక్షకులు మండిపడ్డారు. విన్స్ స్టూడియోలో కొత్తగా తీసే బదులు వేరేచోట తీసిన టేపులు పంపడం టర్నర్‌కూ నచ్చలేదు. చివరికి 1985లో ఆ స్లాట్‌ను 10 లక్షల డాలర్లకు మరో కుస్తీ కంపెనీ యజమాని జిమ్ క్రాకెట్‌కు అమ్ముకుని విన్స్ బయటపడ్డాడు. ఆ క్రాకెట్ కంపెనీనే 1988 నవంబరులో టర్నర్ కొన్నాడు, అదే డబ్ల్యూసీడబ్ల్యూ అయింది. అంటే రేటింగుల యుద్ధానికి పదకొండేళ్ల ముందే ఈ ఇద్దరి మధ్య తగవు ఒక టీవీ స్లాట్ గురించి మొదలైంది.

1995లో జరిగిన సమావేశం గురించి, అప్పట్లో డబ్ల్యూసీడబ్ల్యూను నడిపిన ఎరిక్ బిషాఫ్ చాలాసార్లు చెప్పాడు. విన్స్‌తో పోటీ పడాలంటే ఏం కావాలని టర్నర్ అడిగాడట. జవాబు సిద్ధంగా లేని బిషాఫ్ నోటికొచ్చినట్టు ‘ప్రైమ్ టైమ్ కావాలి’ అన్నాడట. వెంటనే టర్నర్ పక్కనున్న అధికారి వైపు తిరిగి, సోమవారం రాత్రి టీఎన్‌టీలో ఇతనికి స్లాట్ ఇవ్వమన్నాడట. నా ఉద్యోగ జీవితంలో అరగంట స్లాట్ కోసం ఆరు నెలలు ఫైళ్లు తిరగడం చూశాను. ఛానెల్ యజమాని నోటిమాటతో ప్రైమ్ టైమ్ దక్కిన కార్యక్రమం, యజమాని మారిన రోజున ఏమవుతుందో నాలాంటివాళ్లకు ఊహించడం కష్టం కాదు.

1995 సెప్టెంబరు 4న మినెసోటాలోని మాల్ ఆఫ్ అమెరికాలో, షాపుల మధ్య, తొలి నైట్రో. ఆ సోమవారం టెన్నిస్ పోటీల వల్ల విన్స్ కంపెనీ కార్యక్రమం ‘రా’ ప్రసారం కాలేదు, ఖాళీ మైదానం దొరికింది. అంతకుముందు దాకా విన్స్ దగ్గర ఆడిన లెక్స్ లూగర్ ఉన్నట్టుండి నైట్రోలో నడుచుకుంటూ వచ్చాడు. ఏం జరుగుతుందో చెప్పలేమన్న భావన ప్రేక్షకుడిలో కలిగించడంలో నైట్రో చేసిన తొలి పని ఇది. నైట్రో ప్రత్యక్ష ప్రసారం, రా చాలా వారాలు ముందే తీసి పెట్టినది. బిషాఫ్ తన కామెంటరీలోనే అవతలి మ్యాచ్‌ల ఫలితాలు చదివి చెప్పేసేవాడు. నీతి సంగతి పక్కన పెడితే, రిమోట్ చేతిలో ఉన్నవాడి మీద ఇది పనిచేసింది.

ఇక్కడి నుంచి నాకు ఈ కథలో అన్నింటికంటే ఇష్టమైన గొలుసు మొదలవుతుంది, సిరీస్ దీన్ని వేర్వేరు భాగాల్లో ముక్కలు చేసింది కాబట్టి కలిపి చెబుతాను. 1995 డిసెంబరు 18న మెడూసా అనే మహిళా రెజ్లర్, విన్స్ కంపెనీ ఛాంపియన్ బెల్టును నైట్రోకు తెచ్చి కెమెరా ముందు చెత్తబుట్టలో పడేసింది. ఆ దృశ్యం విన్స్ మనసులో ముల్లులా ఉండిపోయింది. రెండేళ్ల తర్వాత అతని ఛాంపియన్ బ్రెట్ హార్ట్. 1996లో అట్లాంటా నుంచి, అంటే అక్కడి డబ్ల్యూసీడబ్ల్యూ నుంచి, పెద్ద మొత్తం వస్తున్నా కాదని, విన్స్‌తో 20 ఏళ్ల ఒప్పందానికి ఒప్పుకున్న మనిషి. ఏడాది తిరిగేసరికి అంత డబ్బు ఇవ్వలేనని విన్సే చెప్పాడు. బ్రెట్ అట్లాంటాకు వెళ్లడానికి సిద్ధమయ్యాడు. బెల్టు అతని నడుము మీదే ఉంది. అది కూడా చెత్తబుట్టలో పడుతుందేమో అన్న భయం.

1997 నవంబరు 9న మాంట్రియల్‌లో షాన్ మైకేల్స్‌తో మ్యాచ్. బ్రెట్ ఓటమి ఒప్పుకోకుండానే గంట కొట్టమని విన్స్ రింగు పక్కన నిలబడి అరిచాడు. సొంత దేశంలో, సొంత జనం ముందు ఛాంపియన్‌కు ద్రోహం. బ్రెట్ విన్స్ ముఖాన ఉమ్మాడు, తర్వాత డ్రెస్సింగ్ రూములో కొట్టాడు. అంతవరకు విన్స్‌ను చాలామంది ప్రేక్షకులు కామెంటేటర్‌గా మాత్రమే చూసేవారు. ఆ రాత్రితో అతను అందరూ అసహ్యించుకునే యజమాని అయ్యాడు. ఎవరైనా ఆ మరకను దాచుకుంటారు. విన్స్ దాన్నే పాత్రగా వేసుకున్నాడు. ‘మిస్టర్ మెక్‌మాన్’ అనే దుర్మార్గపు యజమాని, అతనికి ఎదురుతిరిగే స్టీవ్ ఆస్టిన్ అనే పనివాడు. 1998 ఏప్రిల్ 13న వీళ్లిద్దరి మ్యాచ్ అని ఊరించిన రాత్రే రా మళ్లీ గెలిచింది. అంతకుముందు 1996 జూన్ నుంచి 83 వారాలు వరుసగా నైట్రోదే పైచేయి. చెత్తబుట్ట నుంచి ఆ ఏప్రిల్ రాత్రి దాకా ఒక్కో మెట్టూ ముందుదాని వల్లే వచ్చింది. విన్స్ గొప్పతనం ఇక్కడ ఒప్పుకోవాల్సిందే. అయితే అది ముందుచూపు కాదు, మీద పడ్డ బురదతోనే బొమ్మ చేయగలిగిన నేర్పు.

ఆ 83 వారాలు ఎలా వచ్చాయో కూడా ఒక మాట. విన్స్ దగ్గరి రెజ్లర్లు స్కాట్ హాల్, కెవిన్ నాష్ అట్లాంటా ఇచ్చిన ఖాయం జీతాల కోసం వెళ్లారు. 1996 మే 27న హాల్ ప్రేక్షకుల మధ్య నుంచి, పరిచయం లేకుండా, మైకు తీసుకుని యుద్ధం ప్రకటించాడు. అవతలి కంపెనీ పంపిన దండయాత్ర అనుకున్నారు జనం. జులై 7న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో వాళ్ల మూడో మనిషిగా హోగన్ బయటపడ్డాడు. పన్నెండేళ్లు పిల్లలను విటమిన్లు తినమన్న మంచివాడు విలన్ కావడం, మన దగ్గర రాముడి వేషాలు వేసిన నటుడు ఉన్నట్టుండి రావణుడి పక్షాన చేరడం లాంటిది. రింగులోకి చెత్త వర్షంలా పడింది. సిరీస్ దీన్ని బాగా చూపింది, కాదనను.

ఇక డబ్ల్యూసీడబ్ల్యూ తప్పుల సంగతి. మీరు చూసిన సిరీస్‌కు ఇష్టమైన రాత్రి 1999 జనవరి 4. విన్స్ దగ్గరి రెజ్లర్ మిక్ ఫోలీ ఛాంపియన్ కాబోతున్నాడని, ‘రా’ ముందే రికార్డు చేసిన ఫలితాన్ని నైట్రోలో కామెంటేటర్ టోనీ షివానీ ఎగతాళిగా చెప్పాడు, చెప్పించింది బిషాఫ్. లక్షల మంది వెంటనే ఛానెల్ మార్చి ఫోలీ గెలుపు చూశారు. మన మైకులోనే పక్క కొట్టులో బియ్యం చవక అని చాటింపు వేయడం ఇది. అదే రాత్రి నైట్రోలో హోగన్ వేలితో పొడిస్తే నాష్ వెల్లకిలా పడి బెల్టు అప్పగించాడు. సిగ్గుచేటే. అయినా ఒక్క రాత్రితో ఏ కార్యక్రమమూ చావదని రేటింగులతో బతికినవాడిగా చెబుతాను.

నన్నడిగితే అసలు జబ్బు 1998 జనవరిలో మొదలైంది. రెండు గంటల నైట్రోను మూడు గంటలు చేశారు. చాలదన్నట్టు టీబీఎస్‌లో గురువారం ‘థండర్’ అని మరో రెండు గంటలు మొదలుపెట్టారు. వారానికి ఐదు గంటల ప్రత్యక్ష నాటకం! బాగా ఆడుతున్న సీరియల్‌ను అరగంట నుంచి గంటకు సాగదీయమని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ఏమవుతుందో మా రచయితలను అడగండి. ఆరు నెలలు నడవాల్సిన కథ ఆరు వారాల్లో అయిపోతుంది, తర్వాత చచ్చినవాళ్లు లేస్తారు. థండర్ వద్దని తాను మొత్తుకున్నానని బిషాఫ్ అంటాడు. సొంత ఛానెళ్లకు సరుకు కావాలి, సొంత కంపెనీ కాదనలేదు. యజమాని ఛానెల్లో ఉండటం వరం ఎంతో, ఉరి కూడా అంతే.

నైట్రో చివరిసారి రేటింగుల్లో నెగ్గిన రాత్రి ఎలా వచ్చిందో తెలుసా? 1998 అక్టోబరు 25న వాళ్ల పే పర్ వ్యూ కార్యక్రమం కేటాయించిన సమయం దాటిపోయింది. డబ్బు కట్టి చూస్తున్న ఎన్నో ఇళ్లలో గోల్డ్‌బర్గ్, డైమండ్ డల్లాస్ పేజ్ మ్యాచ్ మధ్యలోనే బొమ్మ ఆగిపోయింది. మర్నాడు ఆ మ్యాచ్‌ను నైట్రోలో ఉచితంగా వేయాల్సి వచ్చింది, దానితో ఆ వారం గెలిచారు. గడియారం చూసుకోనందుకు దక్కిన గెలుపు! ప్రోగ్రామింగ్ వాళ్లకు ఇది నవ్వాలో ఏడవాలో తెలియని కథ.

1997 డిసెంబరులో ఏడాదికి పైగా కాచుకున్న స్టింగ్, హోగన్ మ్యాచ్ ముగింపును పాడుచేయడం, 2000లో సినిమా నటుడు డేవిడ్ ఆర్క్వెట్‌ను ఛాంపియన్ చేయడం వంటివి మీరు చూసే ఉంటారు. డబ్ల్యూసీడబ్ల్యూ కథలు రాసిన విన్స్ రూసో మీద పడ్డ నిందలు కూడా. అవి ఇక్కడ మళ్లీ చెప్పను. 2000 జనవరిలో నలుగురు రెజ్లర్లు ఒకేసారి విన్స్ దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్లలో క్రిస్ బెన్వా ముందురోజే ఛాంపియన్‌గా గెలిచినవాడు. 2007లో భార్యను, కొడుకును చంపి అతను ఆత్మహత్య చేసుకున్నాక డబ్ల్యూడబ్ల్యూఈ తన చరిత్రల్లో అతన్ని దాదాపు లేనట్టే చూపుతుంది. కారణం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ వలస కథ చూసేటప్పుడు మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉందని గుర్తుంచుకోండి.

డబ్బు నష్టం నిజమే. 2000లో డబ్ల్యూసీడబ్ల్యూ పోగొట్టుకున్నది 6 కోట్ల డాలర్లకు పైనే. అయినా కొనడానికి మనుషులు ఉన్నారు. బిషాఫ్ వెనుక ఫ్యూజియెంట్ అనే పెట్టుబడి సంస్థ నిలబడింది, 2001 జనవరిలో ఒప్పందం ప్రకటించారు కూడా. అదే నెలలో ఏఓఎల్, టైమ్ వార్నర్ విలీనం పూర్తయింది. టర్నర్ పేరు మిగిలింది, మాట చెల్లడం ఆగింది. ఛానెళ్లకు కొత్త పెద్ద జేమీ కెల్నర్ వచ్చాడు. తన ఛానెళ్ల రూపానికి కుస్తీ నప్పదని మార్చిలో ఆ కార్యక్రమాలన్నీ రద్దు చేశాడు. అప్పటికీ టీఎన్‌టీలో ఎక్కువమంది చూసేవాటిలో నైట్రో ఒకటి. స్లాట్ లేని కుస్తీ కంపెనీని కొని ఏం చేసుకుంటారు? ఫ్యూజియెంట్ తప్పుకుంది. మిగిలిన కొనుగోలుదారు ఒక్కడే, అతనికి సొంత స్లాట్ ఉంది. మార్చి 23న పేరు, గుర్తులు, టేపులు, కొన్ని ఒప్పందాలు విన్స్ చేతికి కొద్ది మిలియన్ల డాలర్లకే వచ్చాయి.

ఇది ఒక్క డబ్ల్యూసీడబ్ల్యూ కథే అయితే యాదృచ్ఛికం అనవచ్చు. ఫిలడెల్ఫియాలో పాల్ హేమన్ నడిపిన మూడో కంపెనీ ఈసీడబ్ల్యూ సంగతి చూడండి. 1999లో దానికి టీఎన్ఎన్ ఛానెల్లో స్లాట్ దొరికింది. 2000 సెప్టెంబరులో రా అదే ఛానెల్‌కు మారింది, వారాల్లోనే ఈసీడబ్ల్యూ కార్యక్రమం పోయింది, 2001 ఏప్రిల్లో దివాలా. కొద్ది నెలల తేడాతో రెండు కంపెనీలూ అదే దెబ్బకు పోయాయి. రింగులో ఎవరూ వాటిని ఓడించలేదు. విలీనం గురించి మీరు చూసిన సిరీస్ చెప్పకుండా వదలలేదు. కానీ 20 భాగాల బరువులో దానికి దక్కిన చోటు తక్కువ. విన్స్ ఎలా గెలిచాడో చెప్పే కథలో, పేరు కూడా జనానికి తెలియని ఒక ఛానెల్ అధికారి సంతకానికి పెద్దపీట వేయరు కదా. పైగా పాత టేపులన్నీ వాళ్లవే. మీరు తీయాలన్నా, నేను తీయాలన్నా ఆ దృశ్యాల కోసం వాళ్ల గుమ్మం తొక్కాలి.

చూసే క్రమం అడిగారు కాబట్టి చెబుతాను. మొదట 1998లో పాల్ జే తీసిన ‘హిట్‌మన్ హార్ట్: రెజ్లింగ్ విత్ షాడోస్’ చూడండి. కథ ఎటు తిరుగుతుందో తెలియక ముందే బ్రెట్ వెంట తిరుగుతున్న కెమెరా అది. మాంట్రియల్ మ్యాచ్‌కు ముందు విన్స్‌తో మాట్లాడేటప్పుడు బ్రెట్ ఒంటి మీద మైకు ఉంది, ముగింపు గురించి విన్స్ ఒప్పుకున్న మాటలు మీ చెవులతో వినవచ్చు. గెలిచినవాడి దగ్గర లేని టేపు అదొక్కటే. తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈ 2004లో తెచ్చిన డీవీడీ. అందులో బిషాఫ్ మాట్లాడుతుంటే ఒక్క విషయం మరచిపోకండి, అప్పటికి అతను విన్స్ దగ్గర జీతగాడు, ‘రా’ కార్యక్రమంలో మేనేజరు వేషం వేస్తున్నాడు. ఆ తర్వాత 2024లో వైస్ ఛానెల్లో వచ్చిన నాలుగు భాగాల ‘హూ కిల్డ్ డబ్ల్యూసీడబ్ల్యూ’. అందులో ఒకరినొకరు నిందించుకోవడం ఎక్కువే, అయినా కనీసం ఓడినవాళ్లు తమ గొంతుతో మాట్లాడతారు. మీరు చూసిన 20 భాగాలను చివర్లో మళ్లీ తిరగేయండి, ఎక్కడ కత్తెర పడిందో మీకే తెలుస్తుంది.

వీటన్నిటికీ తీరిక లేకపోతే 2001 మార్చి 26 నాటి చివరి నైట్రో ఒక్కటి సంపాదించి చూడండి. ఫ్లోరిడాలోని పనామా సిటీ బీచ్. ఆఖరి మ్యాచ్‌లో స్టింగ్, రిక్ ఫ్లెయిర్ పోట్లాడి, అయ్యాక కౌగిలించుకుంటారు. కాసేపటికి తెర మీదకు విన్స్ వస్తాడు. అతను ఉన్నది వందల మైళ్ల దూరంలో, క్లీవ్‌లాండ్‌లో. అదే దృశ్యం రెండు ఛానెళ్లలో ఒకేసారి నడుస్తోంది. రిమోట్ నొక్కి ఇటు మార్చినా అటు మార్చినా విన్సే.